ఎన్నిక ముగిసిన పిమ్మట: సిరిసిల్ల మొదలు ముషీరాబాదు వఱకు

గంభీరావుపేట సీమను దాటి మానేరు సిరిసిల్లను జేరును. ఆ సిరిసిల్లయందే 1935వ సంవత్సరమున నిజాం రాష్ట్రాంధ్ర మహాసభయొక్క నాల్గవ సమావేశము మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను జరిగెను. ఆ మహాసభ యనంతరమెట్లు చీలెనో, చీలినవారిలో గొందఱు వేఱొక సంస్థయందు దమలోదాము పోటీపడియు నెట్లు కలిసి నిలిచిరో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. ఏటేట సభలు జరుపుకొని కార్యవర్గముల నెన్నుకొను మనకిట్టి చరిత్రము పరాయిది కాదు.

1921వ సంవత్సరమున హైదరాబాదునందలి వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా గొందఱు గేలిచేసిరి. ఆ యవమానమునుండి యాంధ్ర జనసంఘము పుట్టెను. దానినుండి మహాసభ పుట్టెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగా రధ్యక్షులైరి. ఆ దినములలో గ్రంథాలయములు, విద్య, వెట్టిచాకిరి నివారణము మొదలగు విషయములందు సభ్యులకు భేదము స్వల్పము. అధ్యక్షస్థానము పెద్దలకొసగు గౌరవమువలె నుండెను. సిరిసిల్ల సమావేశమట్టి కాలమునకు జెందినది.

కాలము మాఱెను. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసును సర్కారు నిషేధింపగా రాజకీయావేశమంతయు మహాసభలోనికి బ్రవహించెను. 1941లో చిలుకూరున రావి నారాయణరెడ్డిగా రధ్యక్షులైరి. యువకులు వామపక్షము వైపు మొగ్గిరి. ప్రపంచయుద్ధమునుగూర్చియు, క్విట్టిండియా యుద్యమమును గూర్చియు నుభయపక్షములకు బొత్తు కుదురలేదు.

1943లో హైదరాబాదు సమావేశమున కధ్యక్షు నెన్నుకొనవలసి వచ్చినపుడు భేదము బహిరంగమయ్యెను. జాతీయవాదుల పక్షమున కొండా వెంకటరంగారెడ్డిగారును, వామపక్షమున బద్దం ఎల్లారెడ్డిగారును నిలిచిరి. ఎల్లారెడ్డిగారు మన సిరిసిల్ల సీమలోని గాలిపల్లివారు. రంగారెడ్డిగారు గెలిచిరి.

ఇచట నొక విశేషము గమనింపదగియున్నది. ఓడినవారు సభను విడువలేదు; పల్లెపల్లెకు బోయి సభ్యులను జేర్చిరి. మఱుసటి యేడు, 1944లో, భువనగిరి సమావేశమునకు జాతీయవాదులే దూరముగ నుండిపోయిరి! రావి నారాయణరెడ్డిగారు మరల నధ్యక్షులైరి, మహాసభ వామపక్షమువారిదయ్యెను. గెలిచినవా రింటనుండగా నోడినవారి కిల్లు దక్కినట్లయినది. జాతీయవాదులు 1945లో మడికొండయందు మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను, 1946లో కందియందు జమలాపురము కేశవరావుగారి యధ్యక్షతను వేఱు సభలు జరిపిరి. ఒకే పేరితో రెండు మహాసభలు! ఈ భాగము చదువునపుడు మనసు కలుక్కుమనక మానదు.

1946లో స్టేటు కాంగ్రెసుపై నిషేధము తొలగెను. జాతీయవాదులందు జేరిరి. అచటను అధ్యక్షపదవికి బోటీ తప్పలేదు: స్వామి రామానందతీర్థ యొకవైపు, బూర్గుల రామకృష్ణారావుగా రొకవైపు. స్వామీజీ కొలదిపాటి యాధిక్యముతో గెలిచిరి. ఒకరు పోరాటమార్గమును గోరువారు, మఱియొకరు మితవాదులు. భువనగిరి చరిత్రము పునరావృత్తము కాదగిన పట్టే యిది. అయినను గాలేదు. 1947 జూనులో నిజాం స్వతంత్రుడుగా నుండ నిశ్చయించినట్లు ప్రకటించెను. ఆ నెలలోనే ముషీరాబాదునందు స్టేటు కాంగ్రెసు మహాసభ జరిగి భారత యూనియనులో జేరుటయే కర్తవ్యమని ఘోషించెను. ఆగస్టు 7వ తేదీ యూనియనులో జేరు దినముగా జరుపబడెను. 15వ తేదీన స్వామీజీ నిర్బంధింపబడిరి. లోపలి కలహములు సమసిపోయెనని చెప్పుట యసత్యము. పిమ్మటను అవి కొనసాగెను. కాని విలీనమను నొక్క లక్ష్యముపై నుభయులకు భేదము లేదు గనుక సంస్థ నిలిచెను. భువనగిరినాటి సభలో లేనిది సరిగా నిదియే.

సర్కారు సీమ సంగతియు నిట చెప్పదగును. 1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షపదవికై నీలం సంజీవరెడ్డిగారును ఎన్. జి. రంగాగారును పోటీపడిరి. ఓడిన రంగాగారు బయటకు వచ్చి కృషికార్ లోక్ పార్టీ స్థాపించిరి. ప్రకాశం పంతులుగారును కాంగ్రెసును వీడిరి. 1952 ఎన్నికలలో ఆంధ్ర ప్రాంతమున కాంగ్రెసు తీవ్రముగ దెబ్బతినెను. 1955లో మూడు పక్షములును స్థానములు పంచుకొని కలిసి నిలువగా 196 స్థానములలో 146 లభించెను. కమ్యూనిస్టులకు 15 మాత్రమే. అంతట ముఖ్యమంత్రి పదవి సంజీవరెడ్డిగారికి గాని, రంగాగారికి గాని గాక, బెజవాడ గోపాలరెడ్డిగారికి దక్కెను. నా మతమున, కలయికకు గట్టిపఱచిన ముడి యిదియే.

ఇక మన సీమకు మరలుదము. 1952లో బూర్గులవారు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రులైరి. 1943లో గెలిచిన రంగారెడ్డిగారు వారి మంత్రివర్గమున జేరిరి. నాడోడిన ఎల్లారెడ్డిగారిని కరీంనగరు వోటర్లు ప్రజాస్వామ్య సంఘటన పక్షమున లోకసభకు బంపిరి.