లోయస్ పీఠభూమి (చైనా)

ఉత్తర చైనాలో పసుపునది మధ్య పరీవాహకాన, గాలి మోసుకొచ్చిన దుమ్ము పేరుకుని ఏర్పడిన మెరక ప్రాంతం ఇది. విస్తీర్ణం సుమారు 6,40,000 చదరపు కిలోమీటర్లు. ఒకేలా వినిపించే పేర్లున్న రెండు షాన్సీ రాష్ట్రాలతో పాటు గాన్సు, నింగ్‌షియాలకూ వ్యాపించి ఉంది. స్థానికులు ఈ నేలను ‘హువాంగ్‌తు’, అంటే పసుపు మట్టి, అంటారు. లోయస్ అన్నది జర్మన్ మాట. వదులుగా ఉండేదని అర్థం.

ఇంత మట్టి ఎక్కడిది? వరదలో, సరస్సులో తెచ్చి ఉంటాయని పందొమ్మిదో శతాబ్దంలో చాలామంది అనుకున్నారు. 1868-72 మధ్య చైనాలో పర్యటించిన జర్మన్ భూగోళవేత్త ఫెర్డినాండ్ వాన్ రిచ్‌తోఫెన్ దీన్ని ఒప్పుకోలేదు. మట్టి కొండనీ లోయనీ ఒకే దుప్పటిలా కప్పింది. అందులో దొరికేవి నేల మీద బతికే నత్తల గుల్లలు. కాబట్టి తెచ్చింది గాలేనని 1877లో రాశాడు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వెళ్లేకొద్దీ రేణువులు సన్నబడటం కూడా గోబీ వైపు నుంచి వీచే శీతకాలపు గాలులనే చూపిస్తుంది. తర్వాత చైనా భూగర్భ శాస్త్రవేత్త ల్యూ డాంగ్‌షెంగ్ ఈ పీఠభూమిలోని లువోచువాన్ దగ్గరి పొరలను చదివాడు: చలి, పొడి కాలాల్లో దుమ్ము, వెచ్చని, తడి కాలాల్లో ఎర్రబారిన నేల. ఆ లెక్క సుమారు 26 లక్షల ఏళ్లు వెనక్కి వెళుతుంది. చాలాచోట్ల మందం వంద మీటర్లు దాటుతుంది.

ఈ మట్టి ఇసుక కంటే సన్నం, బంకమట్టి కంటే ముతక. సున్నం ఎక్కువ, అది అక్కడక్కడ గడ్డకడితే రైతులు ‘అల్లం రాళ్లు’ అంటారు. పొడిగా ఉన్నంతసేపు గోడలా నిటారుగా నిలుస్తుంది, తడిస్తే కుంగిపోతుంది. నిలిచే గుణాన్ని నమ్మి జనం అందులోనే ఇళ్లు తొలుచుకున్నారు. యావోదోంగ్ అనే ఆ గుహ ఇళ్లు చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటాయి. 1556 జనవరి 23న ఇక్కడి హువాషియన్ భూకంపంలో 8,30,000 మంది చనిపోయారని చైనా చరిత్రలు చెబుతున్నాయి. వారిలో ఎందరో ఆ ఇళ్లు కూలి చనిపోయినవారే.

వాన నేలను గీతలు గీతలుగా కోసింది. పైన చదునుగా మిగిలిన మెట్టను యువాన్, పొడవాటి గుట్టను లియాంగ్, ఒంటరి బోడిగుట్టను మావో అంటారు. ఒకప్పుడు పసుపునది ఏడాదికి 160 కోట్ల టన్నుల మట్టిని మోసేది. నదికి రంగూ పేరూ ఇచ్చింది ఈ మట్టే.

వర్షపాతం ఆగ్నేయాన కాస్త ఎక్కువ, అక్కడ ఓక్ అడవులుంటాయి. వాయవ్యానికి పోయేకొద్దీ గడ్డిమైదానం, మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి దాయాదులైన మొక్కలు. పంటల్లో కొర్ర, వరిగ అతి పాతవి. వాలుల మీద రేగు జాతి చెట్లు పెంచుతారు.

నిటారు వాలుల్లో సాగు మాన్పించి చెట్లు, గడ్డి పెంచే పథకం 1999లో మొదలైంది. మెట్ల పొలాలు, చెక్‌డ్యాములు, పెద్ద జలాశయాలు కూడా తోడై నది మోసే మట్టి సుమారు ఐదో వంతుకు పడిపోయింది. అయితే అమెరికా నుంచి వచ్చిన రోబినియా వంటి చెట్లను పొడి నేలల్లోనూ దట్టంగా నాటారు. వాటి వేళ్లు లోపలి తేమను తాగేస్తే వాన దాన్ని తిరిగి నింపలేకపోతోంది. అలాంటిచోట్ల ఏళ్లు గడిచినా ఎదగక గిడసబారిన చెట్లను జనం ‘చిన్న ముసలి చెట్లు’ అంటారు.