ఈగగాలపు ముడి

హాల్, నైట్ పండితుల బీజగణితము నెఱుగని యుపాధ్యాయుడు మన ప్రాంతమున నరుదు. 1887వ సంవత్సరమున వెలువడిన వారి ఉన్నత బీజగణితముతో తలపడి నిద్ర మానిన సోదరులు ఈ మహాసభయందును పెక్కురుందురు. మేమును ముప్పదియేండ్లు బల్లపై నా లెక్కలు వ్రాసినవారమే. అట్టి హెన్రీ సింక్లెయర్ హాల్ దొర గాలపు చరిత్రమునందును పేరు గడించెనని చెప్పినచో పాఠకమహాశయులు నవ్వుదురేమో! కాని యది యథార్థము.

చిన్న కొక్కెమునకు ఈకలను, ఉన్నిని పట్టుదారముతో చుట్టి, నీటిపై వ్రాలు ఈగవలె చేపను భ్రమింపజేయు విద్య ఇంగ్లండున చిరకాలమునుండి కలదు. 1496లో వింకిన్ డి వర్డ్ ముద్రించిన గాలపు గ్రంథమునందే అట్టి ఈగలు పండ్రెండు వర్ణింపబడినవి. ఆనాటి త్రాడు గుఱ్ఱపుతోక వెండ్రుకలతో పేనినది. పిదప పట్టునరము వచ్చెను. గూడు కట్టనున్న పట్టుపురుగును వినిగరులో నానవైచి, దాని పట్టుతిత్తులను వెలికి దీసి సాచినచో గట్టి పోగగును. స్పెయిను దేశపు మూర్సియా మండలమీ పనికి పేరొందెను. ఒక్కొక్క పోగు మూరెడునకు మించుట యరుదు గాన, పెక్కు పోగులను ముడివైచి యతుకవలెను. పొడినరమును ముడివైచిన పుటుక్కున విఱుగును. నీట నాని మెత్తబడిన పిదపనే లొంగును.

కొక్కెము మాట వేఱు. దానికప్పుడు కన్ను లేదు. నరమును కొక్కెపుకాడ ప్రక్క నుంచి, మైనము రాచిన పట్టుదారముతో చుట్టి, ఆపై ఈకలు కట్టెడివారు. అది ఈగలు కట్టువారి పని. నరము కాడ మొదట నలిగి తెగెనా, ఈగ యంతయు వ్యర్థమే. కన్నుగల కొక్కెములు అంతకుముందు లేకపోలేదు; కాని చిన్న ఈగలకు వలయునంత సన్ననివి, గట్టివి దొరకవయ్యెను. క్లిఫ్టను కళాశాలలో నుపాధ్యాయుడైన హాల్, బ్యాంకార్టు అను మిత్రునితో గూడి 1870–80 నడుమ అట్టివానిని సిద్ధపఱచెను. 1886లో హాల్ఫర్డు ఈగలు కట్టు విధానమును గూర్చి వ్రాసిన గ్రంథము వానికి వ్యాప్తి గల్పించెను. ఇక ఈగను నరమునకు తగిలించు భారము అంగడినుండి ఏటియొడ్డునకు, గాలము వేయువాని వ్రేళ్లకు దిగివచ్చెను. ముడి నేర్వనివానికి ఈగ యున్నను లేనట్లే. మా దృష్టిలో ఈ చరిత్రమున నింతకంటె పెద్ద మార్పు లేదు.

అప్పుడు ప్రసిద్ధికెక్కినది టర్లు ముడి. హాంప్‌షైరు మండలమున న్యూటన్ స్టేసీ గ్రామపు మేజరు టర్లు పేర నది చెల్లుచున్నది. నరపు కొనను కన్నుగుండ దూర్చి, ఈగను కొంత పైకి జరిపి, కొనయందు జాఱుముడితో ఉచ్చు కట్టి, ఈగను ఆ ఉచ్చులోనుండి దాటించి, కంటికి వెనుక మెడచుట్టు బిగింపవలెను. అపుడు నరమును కొక్కెమును ఒక్క వరుసలో నిలుచును. వ్రాయుటకు నాలుగు పంక్తులు. చేతికి పట్టుబడుటకు నాలుగు సాయంకాలములును చాలవు. మొదట లావు త్రాటిపై, పిదప సన్నపోగుపై సాధనచేసి, చివరకు మునిచీకటిలో వ్రేళ్లే కన్నులుగా వేయగలుగవలెను.

సంస్కృతమున ముడికి గ్రంథి యని పేరు. కట్టుట, కూర్చుట యను నర్థముగల యా ధాతువునుండియే గ్రంథశబ్దమును పుట్టినది. తాటాకులను త్రాట గూర్చి చదివిన మనకీ బంధుత్వము వింత గాదు. అయినను పుస్తకము పట్టిన చేతికంటె ముడి వేయు చేయి తక్కువదని మనలో నొక దురభిమానము కలదు. బీజగణితకర్తకు లేని గర్వము మనకేల?

1935లో అమెరికాయందు డ్యూపాంటు సంస్థ పరిశోధనశాలలో వాలెస్ కారోథర్సు బృందము నైలానును గనుగొనెను. 1938లో అది లోకమునకు ప్రకటితమయ్యెను. రెండవ మహాయుద్ధానంతరము పట్టునరము క్రమముగా మూలబడెను. నైలాను నానవైచు పని లేదు, పొడవునకు మేర లేదు. కాని మిక్కిలి నున్నన. నరమున నిలిచిన ముడులు కొన్ని దీనియందు జాఱిపోయెను. తలలు నెరసినవారును మరల బాలశిక్ష మొదలిడవలసివచ్చెను! కన్నుగుండ దూర్చిన కొనను అసలు పోగుచుట్టు అయిదాఱు మాఱులు మెలిపెట్టి, కంటిచెంత నేర్పడిన సందులో దూర్చి లాగు ముడి నేడు సర్వసామాన్యము. అదియు పొడిగా బిగించినచో రాపిడివేడిచే పోగు బలము చెడును. అందుచే బిగించుటకు ముందు ముడిని నోటితడితో తడుపుదురు. ఎంగిలి యని మనవారు ముక్కు విఱువవచ్చును, ఏటినీరైనను చాలును.