ఓడలు బండ్లయిన కథ – పాత ఇంగ్లీషు మోటారు సైకిళ్ళు



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని సంఘం వారు కోరారు. రాజులను గూర్చి, రాజ్యాలను గూర్చి వ్రాయగల పండితులు మనలో చాలామంది ఉన్నారు. నేను రవాణా శాఖలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాడను. నాకు తెలిసినది బండ్ల సంగతి, బండ్ల కాగితాల సంగతి. సర్వీసులో చేరిన కొత్తలో, అంటే 1970 దశకంలో, పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే తయారీదారు గడిలో బి.ఎస్.ఎ., నార్టన్, మాచ్‌లెస్, ఏరియల్, ట్రయంఫ్ అని పేర్లు కనబడేవి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వారు డిస్పోజల్స్‌లో అమ్మివేసిన బండ్లు వాటిలో ఉండేవి. ఆ పేర్ల వెనుక కథ ఏమిటా అన్న కుతూహలం నాకు అప్పటి నుండీ ఉన్నది.

ఈ కంపెనీల పుట్టుక చిత్రమైనది. బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవారంతా కలిసి పెట్టుకున్న సంస్థ అది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మూలాలు రెడిచ్ అనే ఊళ్ళో సూదులు చేసే కార్ఖానాలో ఉన్నాయి. ట్రయంఫ్‌ను స్థాపించిన సీగ్‌ఫ్రీడ్ బెట్మన్ జర్మనీ నుండి వచ్చి కోవెంట్రీలో స్థిరపడినవాడు. సూదులు, తుపాకులు చేసిన చేతులే ముందు సైకిళ్ళు చేశాయి, తరువాత సైకిలుకు ఇంజను తగిలించాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి మొదటి మోటారు సైకిల్ 1901లోను, ట్రయంఫ్ వారిది 1902లోను వచ్చాయి. బుల్లెట్ అన్న పేరు 1932 నాటిది. ఎడ్వర్డ్ టర్నర్ అనే ఇంజనీరు 1937లో ట్రయంఫ్ స్పీడ్ ట్విన్ బండిని రూపొందించాడు. ఒక సిలిండరు ఇంజను పట్టేంత చోటులోనే రెండు సిలిండర్లు పక్కపక్కన అమర్చాడు. తరువాత ముప్పై ఏళ్ళపాటు మిగిలిన కంపెనీలన్నీ ఆ దారినే నడిచాయి.

యుద్ధకాలంలో బి.ఎస్.ఎ. వారు ఎం20 అనే ఒక్క రకమే లక్షకు పైగా సైన్యానికి అందజేశారు. 1940 నవంబరులో జర్మన్ బాంబులకు కోవెంట్రీలోని ట్రయంఫ్ ఫ్యాక్టరీ నేలమట్టమైంది. రెండేళ్ళలో దగ్గరలోని మెరిడెన్ గ్రామంలో కొత్త ఫ్యాక్టరీ లేచింది.

ఇక అసలు విషయానికి వస్తాను. యుద్ధం తరువాత ఇంగ్లండులో కార్ఖానా పనివారి పిల్లల చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. కారు కొనే స్తోమతు లేదు గాని, మోటారు సైకిల్ కొనగలరు. పందేలలో వాడే బండ్ల మీద మనసు, జేబులో మాత్రం మామూలు బండికి సరిపడా సొమ్ము. అందుచేత ఉన్న బండినే మార్చుకోవడం మొదలుపెట్టారు. ఎత్తుగా ఉండే హ్యాండిలు తీసివేసి, ముందు ఫోర్కు గొట్టాలకే రెండు పొట్టి పిడులు బిగించేవారు. కాలి మెట్లు వెనక్కి జరిపేవారు. అప్పుడు మనిషి టాంకు మీదికి వాలి కూర్చుంటాడు, ఎదురుగాలి తక్కువ తగులుతుంది. బరువైన ఇనుప టాంకు బదులు అల్యూమినియం టాంకు, ఒక్కరికే సరిపడే సీటు. అక్కరలేని రేకు ముక్క ఏదైనా ఊడదీయడమే. బరువు తగ్గితే వేగం పెరుగుతుందన్నది వారి లెక్క.

లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కేఫ్ అనే టీ దుకాణం ఉండేది. 1938లో పెట్టారు, యుద్ధంలో బాంబు పడి పోయింది, 1949లో మళ్ళీ కట్టారు. లారీ డ్రైవర్ల కోసం పెట్టిన ఆ కొట్టు ఈ కుర్రకారుకు అడ్డా అయింది. గంటకు 100 మైళ్ళ వేగం అందుకున్నవాడే మగవాడని వారి పట్టింపు. అటువంటి బండ్లకు కేఫ్ రేసర్ అన్న పేరు అక్కడి వాతావరణంలో పుట్టినదే.

ఈ మార్పులలో పేరు మోసినది ట్రైటన్. ట్రయంఫ్ ఇంజను, నార్టన్ ఛాసిస్ కలిస్తే ట్రైటన్. ఈ పెళ్ళి కుదరడానికి కారణం ఉన్నది. బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెక్‌కాండ్లెస్ సోదరులు 1950లో నార్టన్ వారికి ఒక ఛాసిస్ చేసి ఇచ్చారు. పరుపు మీద కూర్చున్నట్లుందని దానికి ఫెదర్‌బెడ్ అని పేరు వచ్చింది. మలుపులలో దానికి సాటి లేదు. అదే కాలంలో 500 సి.సి. చిన్న పందెపు కార్లు నడిపేవారికి నార్టన్ ఇంజను కావలసి వచ్చింది. కంపెనీ ఇంజను విడిగా అమ్మేది కాదు. బండి మొత్తం కొని, ఇంజను పీక్కుని, ఛాసిస్ వదిలేసేవారు. అలా మిగిలిపోయిన ఛాసిస్‌లలోకి వేగంలో మేలైన ట్రయంఫ్ ఇంజను చేరింది. డేవ్ డీగెన్స్ అనే మెకానిక్ తాను తయారు చేసిన ట్రైటన్ మీద, మరొకరితో కలిసి 1965లో బార్సిలోనా 24 గంటల పందెం గెలిచాడు. షెడ్డులో అతికించిన బండి పెద్ద కంపెనీల బండ్లను దాటిపోవడం చిన్న సంగతి కాదు.

ఈ సరదాకు మరో ముఖం కూడా ఉన్నది. దానిని దాచిపెట్టి వ్రాయడం న్యాయం కాదు. ఆ రోడ్ల మీద ఎందరో తల్లులకు కడుపుకోత మిగిలింది. అరేబియా లారెన్స్‌గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో బ్రౌ సుపీరియర్ బండి మీద నుండి పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు రోజులకు మరణించాడు. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే యువ సర్జన్ ఉన్నాడు. ఆయన ఆ మరణాన్ని మరచిపోలేదు. సైన్యంలో కబుర్లు మోసే మోటారు సైకిల్ జవాన్ల తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని 1941లో వ్యాసం ప్రచురించాడు. బ్రిటన్‌లో 1973లో హెల్మెట్ తప్పనిసరి అయింది. మన 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌కు వెనుక ఉన్న ఆలోచన కూడా అదే. మనుమలకు ఈ కథ చెప్పండి. చలాను భయం కన్న బాగా పనిచేస్తుంది.

అంతటి పరిశ్రమ ఎలా కూలిపోయింది? అమ్ముడవుతున్న సరుకును మార్చనక్కరలేదన్న ధీమా ఒక కారణం. నూనె కారడం, అదిరిపోవడం, చీకటిలో దీపం ఆరిపోవడం అలవాటైన లోపాలుగా ఉండిపోయాయి. 1969లో జపాను నుండి హోండా సి.బి. 750 వచ్చింది. నాలుగు సిలిండర్లు, మీట నొక్కితే స్టార్టు, చుక్క నూనె కారదు. విన్సెంట్ వారు 1955లోనే మోటారు సైకిళ్ళు ఆపివేశారు. రెడిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. 1973 నాటికి బి.ఎస్.ఎ. కుప్పకూలింది.

ఆ ఏడే మెరిడెన్ ఫ్యాక్టరీ కూడా మూసివేస్తామని యాజమాన్యం ప్రకటించింది. పనివారు గేట్ల దగ్గర బైఠాయించి, ఒక్క బండిని బయటకు పోనివ్వలేదు. ఏడాదిన్నర పోరాడి, 1975లో ప్రభుత్వ అప్పుతో సహకార సంఘంగా ఏర్పడి, అందరికీ సమాన వేతనమని నియమం పెట్టుకుని, ఫ్యాక్టరీని తామే నడిపారు. 1983 వరకు నిలబెట్టారు. చివరకు ఓడిపోయారు గాని, ఎనిమిదేళ్ళు నడపడం ఓటమి అని నేననుకోను. జీతం మీద బ్రతికిన మనకు ఆ గేటు దగ్గర కూర్చున్నవారి మనసు తెలుస్తుంది.

ఇక్కడే మన పెద్దలు చెప్పిన సామెత గుర్తుకు వస్తుంది. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. సరిహద్దులలో గస్తీకి భారత సైన్యం బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్, రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో వెలిసింది. త్యాగరాజస్వామి త్రిపురసుందరి అమ్మవారి మీద పంచరత్న కృతులు రచించిన ఊరు అదే. మొదట్లో విడిభాగాలు ఓడ మీద వస్తే ఇక్కడ బిగించేవారు, తరువాత అన్నీ ఇక్కడే చేయడం నేర్చారు. కన్నతల్లి రెడిచ్ పోయింది, పెంపుడు తల్లి మద్రాసు నిలిచింది. 1977లో ఇక్కడి బుల్లెట్ తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయింది.

మన జిల్లాలలో ఆ 346 సి.సి. బండి పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరుకు, మోతుబరి రైతుకు, కాంట్రాక్టరుకు గుర్తు. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా తొక్కి, డీకంప్రెషన్ మీట నొక్కి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. పద్ధతి తెలియనివాని మోకాలు వాచేది. పానాల సంగతి వేరే. ఆ పాత ఇంగ్లీషు బండ్ల బోల్టులు జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో మొదలుపెట్టిన కొలతల సంప్రదాయానికి చెందినవి. విట్‌వర్త్ పానా మీద అంకె బోల్టు లావును చెబుతుంది గాని, పానా నోరు వెడల్పును కాదు. మిల్లీమీటరు పానా పెట్టి బలవంతాన తిప్పితే బోల్టు తల గుండ్రమైపోతుంది. ఈ సంగతి తెలిసిన మేస్త్రీలు ప్రతి పట్టణంలో ఒకరిద్దరు ఉండేవారు. వారిలో చాలామంది వెళ్ళిపోయారు, వారి పిల్లలు ఆ పని నేర్వలేదు.

1994లో ఐషర్ వారు ఎన్‌ఫీల్డ్ ఇండియాను తీసుకున్నారు. 2013లో ఆ కంపెనీ కాంటినెంటల్ జి.టి. అనే కేఫ్ రేసర్‌ను ఏస్ కేఫ్ దగ్గరే విడుదల చేసింది. 1969లో మూతపడిన ఆ కేఫ్ 2001లో తిరిగి తెరుచుకున్నది. బి.ఎస్.ఎ. పేరు 2016లో మహీంద్రా వారి సంస్థ చేతికి, నార్టన్ 2020లో టి.వి.ఎస్. చేతికి వచ్చాయి. ఒకనాడు మనకు బండ్లు పంపినవారి పేర్లు ఈనాడు మనవారి దస్తావేజులలో ఉన్నాయి.

చివరగా ఒక గుమాస్తా మాట. బండి మార్చడం వేరు, కాపాడడం వేరు. ఇంగ్లండు కుర్రవాళ్ళు చేసినట్లు మన రోడ్ల మీద చేయడానికి చట్టం ఒప్పుకోదు. 1988 చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. అయితే 2021లో కేంద్రం పాత బండ్లకు ఒక సదుపాయం కల్పించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర వాహనానికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించవచ్చు. నంబరులో వి.ఎ. అన్న అక్షరాలు ఉంటాయి. కొత్తగా అయితే రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు నడపవచ్చు గాని రోజువారీ తిరగడానికి కాదు.

అందుచేత మీ పశువుల కొట్టంలోనో, తాతగారి గదిలోనో గోనెసంచి కప్పుకున్న పాత బండి ఉంటే, తుక్కు వానికి తూకం మీద అమ్మేముందు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఒక కాగితం మీద దించుకోండి. పెట్టెలు వెదికి ఆర్.సి. పుస్తకం తీయండి. పుస్తకం ఉంటే అది బండి, లేకుంటే అదే బండి వట్టి ఇనుము. ఊళ్ళో ముసలి మేస్త్రి ఎవరైనా ఉంటే మీ మనుమణ్ణి ఒక ఆదివారం ఆయన దగ్గర కూర్చోబెట్టండి. ఫ్యాక్టరీలు మూతపడ్డాక కూడా ఆ బండ్లు నేటికీ నడుస్తున్నాయంటే, ఎక్కడో ఒకరు మరొకరికి పానా ఎలా పట్టుకోవాలో చూపించినందువల్లనే.