నిజామాబాద్–బోధన్ ప్రాంతంలో శిక్షకుల కొలువులు: చరిత్ర

ఐటీఐ వర్క్‌షాపులో ఫిట్టింగ్ నేర్పే ఏటీవో (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్), నర్సింగ్ విద్యార్థుల వెంట వార్డులో తిరిగే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్, మెడికల్ కళాశాలలో ట్యూటర్, ఒకేషనల్ ఇంటర్‌లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చెప్పే లెక్చరర్, మహిళా సంఘాల వారికి కుట్టు నేర్పే ట్రైనర్. వీరి హోదాలు వేరు, జీతాలు వేరు, నియమించే శాఖలు వేరు. చేతిపనిని పక్కన నిలబడి నేర్పడమే అందరి ఉద్యోగం. నిజామాబాద్ పట్టణంలోను, దానికి పడమరన మంజీర దాకా సాగిన బోధన్ చెరకు ప్రాంతంలోను ఈ కొలువులు ఎప్పుడూ ఏదో ఒక పెద్ద సంస్థ నీడనే పుట్టాయి. మొదట మిషన్ ఆసుపత్రి, తరువాత చక్కెర ఫ్యాక్టరీ, ఆపైన సర్కారు. నీడ మారిన ప్రతిసారీ కొలువు వెతుక్కునే దారి కూడా మారింది.

డిచ్‌పల్లి ఆసుపత్రి

ఈ ప్రాంతంలో వైద్య శిక్షణ చరిత్ర నిజామాబాద్ మెడికల్ కళాశాలతో మొదలైందని అనుకునేవారు చాలామంది. అంతకు దాదాపు వందేళ్ల ముందే హైదరాబాద్ దారిలోని డిచ్‌పల్లిలో అది మొదలైంది. స్కాట్లాండ్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ మెథడిస్టు మిషన్ తరఫున 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చి, కొన్నేళ్లకు నిజామాబాద్ చేరారు. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం అండతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లతో చేసే చికిత్సకు ఆ ఆసుపత్రి పేరు మోసింది. ఆ పద్ధతి నేర్చుకోవడానికి ఇతర ప్రాంతాల డాక్టర్లు అక్కడికి వచ్చేవారు. తరువాత కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో పనిచేసిన డాక్టర్ జాన్ లో కూడా డిచ్‌పల్లిలో పనిచేసినవాడే. ఇసబెల్ కెర్ 1932లో మరణించారు.

కుష్ఠును గుర్తించడం పుస్తకం చదివి వచ్చే విద్య కాదు. పాలిపోయిన మచ్చ మీద దూదిపోగుతో తాకి, రోగి కళ్లు మూసుకుని ఎక్కడ తాకారో చెప్పగలడా లేదా అని చూడాలి. మోచేతి వెనక నరాన్ని వేళ్లతో తడిమి, తాడులా లావెక్కిందేమో గమనించాలి. పక్కనున్న అనుభవజ్ఞుడు చెయ్యి పట్టి చూపిస్తే తప్ప ఆ తేడా వేళ్లకు తెలియదు. ఆనాడు నేర్పేవాళ్లకు విడిగా ఉద్యోగ హోదా ఉండేది కాదు. చికిత్స చేసేవాడే గురువు. కొలువుకు నోటిఫికేషన్లు లేవు, మిషన్‌తో సంబంధమే దారి.

1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఊరూరా తిరిగే పారామెడికల్ సిబ్బంది తయారయ్యారు. వారికి శిక్షణ ఇచ్చేవారి అవసరం పెరిగింది. 1983 నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చి, 2005 చివరికి దేశస్థాయిలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిందని ప్రకటించాక, ఆ పని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిసిపోయింది. రోగం తగ్గడం మంచిదే, దానితోపాటు ఆ విద్య నేర్పే కొలువులూ తగ్గాయి.

షక్కర్‌నగర్

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీరు బోధన్, వర్ని, రుద్రూరు నేలల్లో చెరకును, వరిని పండించింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు వేసుకుని స్థిరపడిన రైతులు ఈ సాగుకు ఊతమిచ్చారు. 1937లో బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లు అని ఒకప్పుడు దానికి పేరు.

ఫ్యాక్టరీ తనకు కావలసినవాళ్లను తనే తయారు చేసుకోవలసి వచ్చింది. మిల్లు ఫిట్టరు, బాయిలర్ అటెండెంటు, ల్యాబ్ కెమిస్టు, పాన్‌మన్, చెరకు తోటలు చూసే కేన్ ఇన్‌స్పెక్టరు, వీరిలో ప్రతి ఒక్కరూ కింద ఒకరిద్దరికి పని నేర్పినవారే. వీటిలో పాన్‌మన్ పని చూడదగ్గది. రసాన్ని వాక్యూమ్ పాన్‌లో ఉడికిస్తూ, మధ్యమధ్య కొంచెం బయటికి తీసి గాజుపలక మీద పూస్తాడు. దాన్ని వెలుతురుకు పట్టి గింజ ఎంత పేరిందో, గింజల మధ్య సన్నటి పొడి పుట్టిందా లేదా చూస్తాడు. పొడి కనిపిస్తే నీళ్లు వదిలి కరిగించాలి. ఆలస్యమైతే పాన్ అంతా పాడు. ఈ చూపు కుదరడానికి కొన్ని సీజన్లు పడుతుంది.

సీజన్‌లో మిల్లు రాత్రింబవళ్లు ఆగదు కాబట్టి నేర్పడానికి తీరిక ఉండదు. గానుగ ఆగాక ఓవర్‌హాలింగ్‌లో రోలర్లు దించి, బేరింగులు విప్పి బిగించే నెలలే అసలు తరగతి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చాక ఫ్యాక్టరీలో నేర్చుకునే కుర్రాళ్లకు చట్టబద్ధమైన స్థానం దక్కింది. నేర్పే ఫిట్టరుకు మాత్రం అదనంగా ఏ హోదా రాలేదు. చక్కెర సాంకేతికతకు పట్టా కావాలంటే 1936లో కాన్పూర్‌లో వెలసిన జాతీయ సంస్థ వంటి చోటికి పోవలసిందే.

2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లి, నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరులో బోధన్‌తోపాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి ముంబోజిపల్లి యూనిట్లకు కూడా తాళం పడింది. 2019లో కంపెనీ చట్ట ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. సారంగపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. మిల్లు మూతపడితే కార్మికుల జీతాలు, చెరకు రైతుల బకాయిలు అందరికీ కనిపిస్తాయి. గాజుపలక మీద గింజ చదవగలిగినవారి దగ్గర నేర్చుకునే వరస తెగిపోవడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పాన్‌మన్ పని ఐటీఐ ట్రేడుల జాబితాలో లేదు కాబట్టి, ఆ విద్యతో శిక్షకుడి పోస్టుకు దరఖాస్తు చేసే వీలే లేదు.

రుద్రూరు కథ వేరు. అక్కడి చెరకు, వరి పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం, వ్యవసాయ పాలిటెక్నిక్, ఆహార సాంకేతిక కళాశాల కలిసి, ఒక చిన్న మండల కేంద్రానికి మించిన సంఖ్యలో బోధన కొలువులను నిలిపాయి. చెరకు ప్రాంతంలో నేర్పే ఉద్యోగం ఇప్పటికీ స్థిరంగా ఉన్న చోటు అదే.

ఎంప్లాయ్‌మెంట్ కార్డు కాలం

1950లో కేంద్రం క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం ప్రారంభించింది. 1956లో ఐటీఐల రోజువారీ పాలన రాష్ట్రాల చేతికి వచ్చింది. ఉపాధి కల్పన కార్యాలయాలు రాష్ట్రాలకు బదిలీ అయింది కూడా ఆంధ్రప్రదేశ్ పుట్టిన 1956 నవంబరు 1నే. 1959 చట్టంతో ఖాళీలను ఆ కార్యాలయాలకు తెలపడం తప్పనిసరి అయింది. అక్కడి నుంచి రెండు తరాలపాటు ఏటీవో కొలువు అంటే నిజామాబాద్‌లోని ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని, మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకుని, సీనియారిటీ వరసలో పిలుపు కోసం చూడడమే. రెన్యువల్ తేదీ మరిచిపోతే ఏళ్ల సీనియారిటీ పోయేది. అందుకే ఇళ్లలో ఆ కార్డును టెన్త్ మెమోతో పాటు బీరువాలో దాచేవారు.

ఈ పద్ధతిని మార్చిన తీర్పు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసులోనే వచ్చింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్, కె.బి.ఎన్. విశ్వేశ్వరరావు మధ్య వివాదంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెబుతూ, ఉపాధి కార్యాలయం పంపిన పేర్లకే పరిమితం కాకూడదని, పత్రికల్లో ప్రకటన ఇచ్చి, అర్హులైన అందరినీ పరిశీలించాలని తేల్చింది. కార్డు విలువ అక్కడ పడిపోయింది. పేపర్లో నోటిఫికేషన్ల పేజీ విలువ పెరిగింది.

ఇక స్థానికత. 1919 నాటి ముల్కీ (స్థానిక) ఫర్మానా నుంచి 1969 తెలంగాణ ఉద్యమం దాకా ఈ ప్రాంతపు కొలువుల చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగిందే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులతో నిజామాబాద్ ఆరో జోన్‌లో, హైదరాబాద్‌తో ఒకే జోన్‌లో పడింది. రాజధాని అభ్యర్థులతో పోటీ అంటే జిల్లా పిల్లలకు అది అంత తేలిక కాదు. 2018 ఉత్తర్వులు నిజామాబాద్‌ను ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాలతో కలిపి బాసర జోన్‌లో చేర్చి, 95 శాతం పోస్టులను స్థానికులకు ప్రత్యేకించాయి. జోనల్ పోస్టుల వరకు ఇది జిల్లాకు నిజమైన మేలు.

అర్హతల లెక్క ఇలా ఉంటుంది. ఐటీఐ ఇన్‌స్ట్రక్టరుకు సంబంధిత శాఖలో డిగ్రీ ఉంటే ఏడాది, డిప్లొమా ఉంటే రెండేళ్లు, ఐటీఐ సర్టిఫికెట్టే ఉంటే మూడేళ్ల అనుభవం కావాలి. రెండు పోస్టులున్న చోట ఒకటి డిగ్రీ లేదా డిప్లొమా వారికి, రెండోది ఐటీఐ పాసైనవారికి. ఇద్దరికీ సీఐటీఎస్ అనే ఏడాది బోధనా శిక్షణ తప్పనిసరి. గల్ఫ్‌లో వెల్డింగో పైప్ ఫిట్టింగో చేసి తిరిగి వచ్చినవారు ఈ జిల్లాలో ఊరికి కొందరుంటారు. నిబంధన ప్రకారం వారిలో ఐటీఐ చదివినవారికి దారి తెరిచే ఉంది. పనిచేసిన కంపెనీ ఇచ్చిన అనుభవ పత్రం, దానిపై పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోవడం, ఆ మీదట సీఐటీఎస్ కోసం ఏడాది సంపాదన వదులుకోవడం, ఇవే ఆ దారిలోని అసలు గేట్లు.

కాంట్రాక్టు తరం

2000 తరువాత శిక్షక పోస్టులను భర్తీ చేసే బదులు తాత్కాలికంగా నడిపించే పద్ధతి స్థిరపడింది. కాంట్రాక్టు లెక్చరర్, గెస్ట్ ఫ్యాకల్టీ, పీరియడ్ లెక్కన జీతం అనే మాటలు అందరి నోళ్లలో నానాయి. పదేళ్లు, పదిహేనేళ్లు అదే కళాశాలలో చెప్పినవారు ఏటా వేసవిలో కొనసాగింపు ఉత్తర్వు కోసం చూసేవారు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. అందులో జూనియర్ కళాశాలల వారే సగానికి పైగా. ఒకేషనల్, పాలిటెక్నిక్ లెక్చరర్లూ, ల్యాబ్ టెక్నీషియన్లూ ఉన్నారు. 2024 నవంబరులో హైకోర్టు ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన చట్టసవరణను కొట్టివేసింది. అప్పటికే పర్మనెంట్ అయినవారి జోలికి పోలేదు. మిగిలిపోయినవారికి ఆ తలుపు మూసుకుంది.

ఇదే కాలంలో స్వల్పకాలిక నైపుణ్య శిక్షణ విస్తరించింది. డిచ్‌పల్లిలోని ఎస్‌బీఐ ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ), నిజామాబాద్‌లోని న్యాక్ (జాతీయ నిర్మాణ అకాడమీ) కేంద్రం, కేంద్ర పథకాల కింద వచ్చిన ప్రైవేటు సెంటర్లు కుట్టు, ఎలక్ట్రికల్, సెల్‌ఫోన్ రిపేరు, నర్సింగ్ సహాయకుల కోర్సులు నడిపాయి. వీటిలో నేర్పాలంటే రంగాల వారీ నైపుణ్య మండలి ఇచ్చే ట్రైనర్ సర్టిఫికెట్ అడుగుతారు. బ్యాచ్ ఉన్నన్నాళ్లే పని. బ్యాచ్‌కు బ్యాచ్‌కు మధ్య ఖాళీ నెలల జీతం గురించి చేరే ముందే అడగడం ఈ రంగంలో తెలివైన పని.

వార్డులో పాఠం

2013లో నిజామాబాద్ ప్రభుత్వ మెడికల్ కళాశాల వంద సీట్లతో మొదలైంది. జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. అంతవరకు వైద్యం చేసే చోటు, రాత్రికి రాత్రి వైద్యం నేర్పే చోటు కావలసి వచ్చింది. 2022లో జగిత్యాల, 2023లో కామారెడ్డి, నిర్మల్ కళాశాలలు రావడంతో చుట్టుపక్కల ట్యూటర్లకు, అసిస్టెంట్ ప్రొఫెసర్లకు గిరాకీ పెరిగింది. నియామకాలకు రాష్ట్రం ప్రత్యేక వైద్య నియామక బోర్డు పెట్టింది. ప్రైవేటు రంగంలో పట్టణం చుట్టూ ఉన్న దంత వైద్య కళాశాలలు, నర్సింగ్, పారామెడికల్ కళాశాలలు ఇదే కొలువుకు మరో ఆధారం.

నర్సింగ్‌లో ప్రవేశ స్థాయి ట్యూటరు పోస్టే. బీఎస్సీ నర్సింగ్, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఏడాది ఆసుపత్రి అనుభవం ఉంటే చాలు. ఎమ్మెస్సీకి ప్రాధాన్యం. పదిమంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయురాలు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ నిష్పత్తి. ఉదయం షిఫ్టులో పదిమందిని వెంటేసుకుని వార్డులోకి వెళ్లాలి. ఐవీ పెట్టే చెయ్యి వణికితే పక్కన నిలబడాలి, రోగి బంధువులకు జవాబు చెప్పాలి, చివరికి ప్రతి పిల్ల లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే విద్యార్థినికి ఆ పని వచ్చినట్టు లెక్క కాదు.

మెడికల్ కళాశాలల్లో వైద్యేతర ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ వారి పరిస్థితి నిబంధన మారినప్పుడల్లా మారింది. 2020లో వారి వాటాను అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీల్లో 15 శాతానికి కుదించి, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీల్లో లేకుండా చేశారు. 2025 జులైలో జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు ఆ రెండు విభాగాలను తిరిగి తెరిచాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే స్పెషలిస్టులకూ అనుభవాన్ని బట్టి బోధనా హోదా దొరికే వీలు కల్పించాయి. డిచ్‌పల్లిలో చికిత్స చేసేవాడే గురువైన పద్ధతికి ఇది కొంత దగ్గరగా వచ్చింది.

ఇప్పటి స్థితి

2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. ఖర్చు అంచనా 2,324 కోట్ల రూపాయలు. రోబోటిక్స్, సీఎన్‌సీ యంత్రాల వంటి కోర్సులకు శిక్షణ నిపుణులను కూడా ఆ సంస్థే సమకూర్చాలన్నది ఒప్పందం. పాత ఏటీవోలు కొత్త యంత్రం నేర్చుకుంటే తప్ప ఆ షెడ్డులో వారికి పని ఉండదు. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీని తిరిగి తెరిపించేందుకు కూడా అదే ఏడాది ప్రభుత్వం మంత్రివర్గ ఉపసంఘాన్ని వేసింది. మిల్లు మళ్లీ తిరిగితే పాన్‌మన్‌ను తయారు చేసేవాళ్లను ముందుగా వెతకాలి. ఆ పని మిల్లు తెరిచాక మొదలుపెడితే ఆలస్యమే.

ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునే బోధన్ యువకుడికి ఇప్పుడు ముందు కావలసింది సీఐటీఎస్ పట్టా. దానికి అఖిల భారత ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ కోర్సు నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థలు తెలంగాణలో హైదరాబాద్‌లోనే ఉన్నాయి, బోధన్ నుంచి సుమారు రెండు వందల కిలోమీటర్లు.