బొల్లి కుష్ఠు కాదు

కంబదూరు మెట్టపొలములలో ఎండకు నల్లబడిన మేనిపై బొల్లిమచ్చ కొట్టవచ్చినట్లు కనిపించును. చూచినవారికి కుష్ఠు తోచును. కుదిరిన పెండ్లి తప్పిపోవును.

ఈ భయమునకు పేరే మూలము. పూర్వవైద్యులు శ్విత్రమును కుష్ఠవర్గమున చేర్చిరి. నేటికిని బొల్లిని కొందరు శ్వేతకుష్ఠు అందురు. కాని అది చర్మమునకే పరిమితమనియు, స్రవింపదనియు సుశ్రుతసంహితయే చెప్పినది.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠుక్రిమిని కనుగొనెను. బొల్లికి ఏ క్రిమియు కారణము కాదు. చర్మమునకు రంగునిచ్చు కణములు నశించుటచే అది కలుగును. అది అంటదు, పాలవలె తెల్లనైన ఆ మచ్చలో స్పర్శ చెడదు. కుష్ఠుమచ్చ పాలిపోయి గాని ఎఱ్ఱబారి గాని ఉండును. తరచు స్పర్శ తగ్గును. దానిని మాన్పు బహుళౌషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించినది.

మచ్చను వైద్యునికి చూపవలెను. పేరు విని మనిషిని వెలివేయరాదు.