మన పల్లె గుడులలో ఆడపిల్లల పాట

మన అధ్యక్ష మండలము నూరేండ్ల చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు మనవారు మొదట బిషప్పుల వరుస చెబుతారు. తరువాత గుడులు, బడులు, ఆసుపత్రులు, ఏ సంవత్సరము ఎవరు పునాదిరాయి వేశారో చెబుతారు. అదంతా అవసరమే. అయితే ప్రతి ప్రతిష్ఠ పండుగకు, ప్రతి కన్ఫర్మేషనుకు ముందు వరుసలో నిలబడి పాడిన ఆడపిల్లల సంగతి వచ్చేసరికి, పిల్లలు శ్రావ్యముగా పాడారన్న ఒక్క వాక్యముతో సరిపెడతారు. ఆ పిల్లలు ఎవరు? ఏ పల్లె నుంచి వచ్చారు? పాట వారికి ఎవరు నేర్పారు? తరువాత ఏమయ్యారు? మేమూ ఒకప్పుడు ఆ వరుసలో నిలబడినవారమే గనుక ఈ నాలుగు మాటలు వ్రాయబూనినాము.

దోర్నకల్ ఆ రోజుల్లో నైజాము రాజ్యములోని చిన్న ఊరు. సింగరేణి బొగ్గు కోసము ఇల్లెందు వైపు వేసిన రైలుమార్గము చీలిపోయే జంక్షను అని తప్ప దానికి వేరే పేరు లేదు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, తమ సొంత చందాలతో తమ మనుష్యులనే ఇటు పంపారు. ఆ స్థాపకులలో ఒకరైన వేదనాయగము శామ్యూల్ అజరయ్యగారు 1909లో తానే ఇక్కడికి వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఇదంతా మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు.

ఆయన వచ్చిన పల్లెలలో బాప్తిస్మము కోరినవారికి అక్షరము రాదు. 1901 జనాభా లెక్కలలో భారతదేశము మొత్తము మీద చదవను వ్రాయను వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరు కూడా లేరు. మాలపల్లెలలో, మాదిగపల్లెలలో సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు అన్నీ నోటితోనే నేర్చుకోవాలి. పగలంతా కూలి. రాత్రి లాంతరు చుట్టూ కూర్చుంటే ఉపదేశిగారు ఒక ముక్క చెప్పడము, అందరూ తిరిగి చెప్పడము. అలసినవారికి ఆజ్ఞల మధ్యలోనే నిద్ర వస్తుంది. పాటకు మాత్రము నిద్ర రాదు. అందుచేత ఉపదేశులు పాటతో మొదలుపెట్టి పాటతో ముగించేవారు. ఉపదేశిగారి భార్యకు కూడా చదువు చెప్పించాలని అజరయ్యగారు పట్టుబట్టినందువల్ల ఆడపిల్లలకు పాట చెప్పడము ఆమె వంతు అయ్యింది. మన మండలములో ఆడపిల్లల క్వయరు ఎక్కడ పుట్టింది అని ఎవరైనా అడిగితే మేము ఏ కెథడ్రలునూ చూపము. ఉపదేశిగారి ఇంటి అరుగు చూపుతాము.

పాటలకు కొదవ లేదు. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరిగారు బాప్టిస్టు సేవకులు. అయినా ఆయన కీర్తనలు పాడని తెలుగు సంఘము లేదు. పల్లవి, అనుపల్లవి, చరణము, పైన రాగము, తాళము పేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే ఈ పద్ధతే కనబడుతుంది. మా పెద్దవారు ఆ పుస్తకము చదివి పాట నేర్చుకోలేదు. పాట ముందే వచ్చు. తరువాత పుస్తకములో ఆ పాట ఎక్కడున్నదో వెదుక్కొని, తెలిసిన మాటల మీద వ్రేలు పెట్టుకుంటూ అక్షరాలు పోల్చుకొన్నారు. మా అమ్మమ్మ అలాగే చదవడము నేర్చుకున్నది. చివరివరకు ఆమె వార్తాపత్రిక తడుముకుంటూ చదివేది, కీర్తనల పుస్తకము మాత్రము గడగడ చదివేది. అది చదవడమా, పాడడమా అని మేము ఎగతాళి చేస్తే, "రెండూ ఒకటే పొండే" అనేది.

ఇంకొక సంగతి మా పెద్దలు గుడిలో చెప్పుకోవడానికి ఇష్టపడేవారు కారు. మా పిల్లలకు గొంతు గుడిలో రాలేదు. నాట్లలో వచ్చింది, బతుకమ్మలో వచ్చింది. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవడము, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పక్కవారిని చూసి తెలుసుకోవడము, చివర ఉయ్యాలో అని సాగదీయడము, ఇవన్నీ క్వయరు పాఠాలే. క్రైస్తవులయినాక బతుకమ్మకు పోకూడదన్న కట్టుబాటు కొన్ని ఊళ్ళలో గట్టిగా ఉండేది. పిల్లలు పోకపోయినా గొంతు ఎక్కడికి పోతుంది? క్రిస్మసు పాట అదే వరుసలో కట్టుకొని, చప్పట్లు కొడుతూ గుండ్రముగా తిరిగేవారు. ముఖము చిట్లించుకొన్న పెద్దలూ ఉన్నారు, చూసీ చూడనట్టు ఊరుకున్న అయ్యగారులూ ఉన్నారు. ఊరుకున్నవారే తెలివైనవారని మా అభిప్రాయము. దోర్నకల్‌లో 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథడ్రలునే చూడండి. గుమ్మటాలు, మీనార్లు మసీదును గుర్తు చేస్తాయి, స్తంభాలు కోవెలను గుర్తు చేస్తాయి. రాతికి తగిన మర్యాద పాటకు తగదా?

పల్లె నుంచి బోర్డింగుకు వచ్చిన పిల్లకు వేరే లోకము కనబడేది. అక్కడ హార్మోనియము ఉన్నది, కొన్నిచోట్ల కాలితో తొక్కే ఆర్గను కూడా ఉన్నది. కీర్తనకు సరిగమలు, ఇంగ్లీషు హిమ్ముకు డో రే మీ. మొదటి గొంతు, రెండవ గొంతు అని విడదీసి నిలబెట్టేవారు. మాలో రెండవ గొంతువారికి మొదటి ఏడాది అంతా ఏడుపే, అందరికీ తెలిసిన వరుస విడిచి వేరొకటి పాడాలి గదా! ఈ డో రే మీ పద్ధతికి జాన్ కర్వెన్ అనే పాదిరిగారి పేరు చెబుతారు. దానికి మూలము నార్విచ్ పట్టణములో శారా గ్లోవర్ అనే ఒక పాదిరిగారి కుమార్తె పిల్లలకు పాట చెప్పడానికి కల్పించుకొన్న పద్ధతి, 1835లో అచ్చయింది. ఆమె పేరు మాకు బోర్డింగులో ఎవరూ చెప్పలేదు. చాలా ఏండ్ల తరువాత తెలిసి, ఇక్కడ కూడా ఇంతేనా అనుకొన్నాము.

బోర్డింగులో మరొక మేలు జరిగింది. మాల గుడి, మాదిగ గుడి అని ఒకే ఊరిలో వేరువేరుగా కూర్చునే రోజులవి. ఆ భేదము మీద అజరయ్యగారు జీవితమంతా పోరాడారు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేనాటికి మండలములో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు గాని ఆ భేదము పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోయిందని మేము అనము. క్వయరులో మాత్రము గొంతును బట్టి నిలబెట్టేవారు, ఇంటిని బట్టి కాదు. ఒక పుస్తకము ఇద్దరికి. ఆ ఇద్దరూ ఒకే కంచములో తిని, ఒకే దుప్పటిలో పడుకున్నవారు. సెలవులకు ఇంటికి పోయాక ఆ స్నేహితురాలి ఇంట్లో మంచినీళ్ళు తాగవచ్చునా లేదా అన్న ప్రశ్న వచ్చేది. తాగినవారు ఉన్నారు, దెబ్బలు తిన్నవారూ ఉన్నారు.

ఆడవారు గుడిలో గొంతెత్తడము లోకమంతటా తేలికగా జరిగిన పని కాదు. తిరునెల్వేలి సొసైటీ పుట్టిన ఆ 1903లోనే రోములో పదవ పయస్ పోపుగారు, గాయకులది ఆరాధనలో ఒక ఉద్యోగము గనుక స్త్రీలు ఆ బృందములో చేరరాదని, సన్నని గొంతు కావలసినచోట మగపిల్లలను పెట్టుకొనవలెనని ఉత్తరువు చేశారు. ఆ కట్టు సడలడానికి 1955 వరకు పట్టింది. ఇంగ్లాండులో ఆంగ్లికను కెథడ్రళ్ళలో వందల ఏండ్లుగా మగపిల్లలే పాడేవారు. సాలిస్‌బరీ కెథడ్రలులో ఆడపిల్లలకు ప్రత్యేకముగా క్వయరు పెట్టింది 1991లో. మన ఆడపిల్లలు ఎన్నో ఏండ్లుగా పాడుతున్న సంగతి వారికి తెలిస్తే ఏమనేవారో! అయితే మనము గర్వపడడానికి తొందరపడనక్కర లేదు. మనవద్ద మగపిల్లలు దొరకక, బోర్డింగులో ఆడపిల్లలు సిద్ధముగా ఉండి, పని జరిగిపోయింది. అంతే.

గుడిలో పాడనిచ్చినవారే వీధిలో పాడనివ్వలేదు. 1970 ప్రాంతములో మేము పాడే ఒక సంఘములో క్రిస్మసు ముందు రాత్రులు కేరల్స్‌కు మగపిల్లలే పోయేవారు. పాటలు మేము నేర్పాలి, వారు పెట్రోమాక్సు లైటు పట్టుకొని ఇంటింటికీ పోయి పాడి, చందా తెచ్చి, టీ తాగి రావాలి. ఆడపిల్ల గొంతు రాత్రిపూట వీధిలో వినబడకూడదని ఒక పెద్దమనిషి కమిటీలో అన్నారు. మేము ఎదురు చెప్పలేదు. ఆ ఏడు కేరల్స్ పాట మధ్యలో తప్పిపోయి, మగపిల్లలు మూడు ఇళ్ళ దగ్గర ఒకటే చరణము పాడి వచ్చారు. మరుసటి ఏడు అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, తానే లాంతరు పట్టుకొని మా ముందు నడిచింది. ఎవరూ ఏమీ అనలేకపోయారు. మేము పోయినది ఎనిమిది ఇళ్ళకే. తొమ్మిదవ ఇంటిదగ్గర కుక్కలు తరిమినాయి.

మానుకోట వైపు వారికి పాట నేర్పడము పంటను బట్టి ఉంటుంది. అడ్వెంటు వచ్చేసరికి పత్తి తీత. శ్రమల కాలము వచ్చేసరికి మిరపకాయ ఏరడము. గుడ్ ఫ్రైడే పాటలకు సాయంత్రము వచ్చిన పిల్లల చేతులు మంటలు మండుతుండేవి. ఆ చేతితో కన్ను తుడుచుకొంటే ఇక పాట లేదు. అందుకని పుస్తకము పట్టుకోకుండా, చేతులు రెండూ మోకాళ్ళమీద పెట్టుకొని, కంఠతా పాడేవారు. బయటివారు వచ్చి ఎంత భక్తి అనుకొనేవారు.

క్వయరు పెద్ద కష్టము పెళ్ళి. మగపిల్లవాడికి గొంతు మారుతుంది, ఆడపిల్లకు ఊరు మారుతుంది. నాలుగేండ్లు తిప్పలుపడి రెండవ గొంతు నేర్పిన పిల్లకు మాఘమాసములో లగ్గము పెడితే, ఈస్టరుకు ఆ చోటు ఖాళీ. క్వయరు అమ్మగార్లు పెళ్ళి భోజనము చేస్తూ లోపల ఏడ్చేవారు. మేము కూడా చాలాకాలము దీనిని నష్టము క్రిందనే లెక్కవేశాము. తరువాత ఆ పిల్లలు పోయిన ఊళ్ళకు పోయి చూశాము.

జనగామ వైపు అమెరికన్ బాప్టిస్టుల సంఘాలు ఎక్కువ. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు బాప్టిస్టులు అందులో చేరలేదు. అక్కడ మన ఆరాధన క్రమము లేదు, తెల్లచీరల వరుస లేదు. మన బోర్డింగు పిల్ల అక్కడ కోడలుగా పోయి మొదటి ఆదివారము బెదిరిపోయి కూర్చున్నదట. పాట నంబరు చెప్పారు. అదే పుస్తకము, అదే నంబరు. లేచి పాడింది. ఆరు నెలల్లో ఆ గుడిలో పదిమంది పిల్లలు రెండు గొంతులతో పాడుతున్నారు. రెండు సంఘాల పెద్దలు కూర్చొని కలవలేనిచోట ఒక కోడలు కలిసిపోయింది.

భూపాలపల్లి కథ వేరు. అక్కడ గనులు వచ్చాక ఇల్లెందు, కొత్తగూడెము నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబాలతో సంఘాలు పెరిగాయి. సింగరేణి సైరను కూతతో కాలనీ లేస్తుంది, పడుకుంటుంది. తండ్రికి రెండవ షిఫ్టు అయితే పిల్లను సాధనకు తీసుకొచ్చేవారు ఉండరు, రాత్రి షిఫ్టు అయితే పగలు ఇంట్లో పాడుకోవడానికి వీలులేదు, ఆయన నిద్రపోవాలి. ఒక తల్లి పిల్లకు వంటింట్లో గుసగుసగా రాగము చెప్పడము మేము చూశాము. ఆ తల్లి దోర్నకల్‌లో నేర్చుకొన్న మనిషే.

2016లో పాత వరంగల్ జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు జిల్లాలు చేశారు. ఒకప్పుడు దోర్నకల్ క్రింద ఉండిన నంద్యాలలో 2013లో పుష్పలలితగారు బిషప్పు అయ్యారు, దక్షిణ ఇండియా సంఘములో మొదటి స్త్రీ. ఆ వార్త విన్నరోజు మా తోటి వృద్ధురాలు ఒకామె, ఇక కేరల్స్‌కు పోవడానికి కమిటీని అడగనక్కర లేదు గదా అన్నది.

ఆమెయే మొన్న ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమానికి మూడు జిల్లాల నుంచి పాత పిల్లలు వచ్చారు, అందరికీ తలలు నెరిశాయి. పుస్తకము ఎవరూ తీయలేదు. మొదటి రెండు చరణాలు కలిసి పాడారు. మూడవ చరణములో జనగామ నుంచి వచ్చినవారు ఒకచోట పైకి తిప్పారు, మానుకోటవారు క్రిందికి తిప్పారు, భూపాలపల్లివారు అక్కడ ఆగి ఊపిరి తీసుకొన్నారు. ఎవరూ తగ్గలేదు. అయ్యగారు ప్రార్థనకు పుస్తకము తెరిచి, మూసి, నాలుగవ చరణము అయ్యేదాకా నిలబడ్డారు.