ఆదివారం, డప్పు, చచ్చిన పశువు: ఒంగోలు మిషన్ తొలి విశ్వాసుల నిత్యజీవితం

తెలుగునాట క్రైస్తవ వ్యాప్తిని గురించిన రచనల్లో 1878 జూలై 3 తప్పక ప్రస్తావనకు వస్తుంది. ఆనాడు ఒంగోలుకు సమీపాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఖ్య పెద్దది కావడంతో చరిత్రకారుల దృష్టి దానిమీదే నిలిచిపోయింది. ఆ ఏటిలో దిగినవారికి విశ్వాసమంటే ఏమిటో తెలియాలంటే మాత్రం పన్నెండేళ్లు వెనక్కి, మాదిగవాడల రోజువారీ బతుకులోకి వెళ్లక తప్పదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. అదే ఏడు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోళ్ల వ్యాపారి. అంతకుముందే యోగమార్గ గురువుల వద్ద ఉపదేశం పొందినవారు. క్రైస్తవ బోధ ఆయన చెవిన పడింది తోళ్ల కొనుగోలుకు వెళ్లిన ఏలూరులో. కనుక ఆయన విశ్వాసాన్ని బయటినుంచి వచ్చిన బోధకు లొంగుబాటుగా కాక, అప్పటికే సాగుతున్న అన్వేషణకు కొనసాగింపుగా చూడటం సమంజసం.

కొత్త విశ్వాసులకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. వినడానికి ఇవి మతాచారాలే. గ్రామ వ్యవస్థలో పెట్టి చూస్తే మూడూ మూడు సంబంధాలను తెంచాయి. మాదిగలు రైతులకు చెప్పులు కుట్టాలి, నీళ్లు తోడే తోలు బానలు చేయాలి, పిలిచినప్పుడు పొలం పనికి పోవాలి. ప్రతిఫలంగా కళ్లంలో గింజలు దక్కేవి. రైతు అవసరానికి వారాలతో పని లేదు. కోత మధ్యలో వచ్చిన ఆదివారం నాడు పనికి రానన్నవాడు ఒకరోజు కూలినే కాదు, ఏడాది గింజలనే పణంగా పెట్టినట్లు. విగ్రహారాధన మానడమంటే తన ఇంటి దేవతను మానడంతో సరిపోదు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం మాదిగల విధి; వారు కొట్టనంటే ఆగేది ఊరి జాతర. మూడో నియమం మాంసానికే వర్తించింది, తోలుపనికి కాదు. పశువు చచ్చినప్పుడు చర్మం తీసే చేతులు అవే. ఆ మాంసం కుండలోకి రాకూడదు. కరువు నేలలో ఆ కుండను మరి దేనితో నింపాలన్న ప్రశ్న ముందుగా ఇంటి ఆడవారికే ఎదురై ఉంటుంది. మిషన్ చరిత్రలు ఈ విషయాన్ని తేలికగా దాటవేస్తాయి.

ఊరు ఊరుకోలేదు. బావుల దగ్గరికి రానీయకపోవడం, బజారులో సరుకు అమ్మకపోవడం, దారులు మూసివేయడం, లేనిపోని నేరాలు మోపడం వంటివి క్లౌ నమోదు చేశారు. పూజ మారినందుకు కాక, పని మారినందుకే ఈ ఆగ్రహమని వాటి స్వభావమే చెబుతుంది.

నియమం పెట్టినవారికీ పరీక్ష తప్పలేదు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను పాఠశాలకు పంపబోమని ఒంగోలు అగ్రవర్ణాలవారు స్పష్టం చేశారు. ఆ సందిగ్ధంలో క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే కనిపించిందని క్లౌ ఆత్మకథ చెబుతుంది. ఈ యాదృచ్ఛికతను ఎంతవరకు నమ్మాలన్నది పాఠకుల ఇష్టం. నిర్ణయం మాత్రం మాదిగల పక్షాన జరిగింది. మిగిలినవారు పాఠశాల విడిచారు.

ఈ ఆధారాలన్నీ ఒకే ఇంటినుంచి వచ్చినవని గమనించాలి. పేరయ్య కథను 1899లో గ్రంథస్థం చేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ, మిషనరీకి రెండవ భార్య. 1914లో వెలువడిన ఆత్మకథను కూర్చినదీ ఆమే. తెలుగులో సాగిన సంభాషణలు ఆంగ్లంలో స్థిరపడ్డాయి. పేరయ్య నోట వినిపించే ప్రతి వాక్యాన్నీ ఈ దూరం గుర్తుంచుకొని చదవాలి.

అయినా ఒక ఘట్టంలో ఆ గొంతు కాస్త దగ్గరగా వినిపిస్తుంది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే గుత్త తీసుకొని వేలమందికి పని చూపారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలు నిలిపివేశారు. పనులు ముగిశాక జనం మళ్లీ వచ్చారు. ఇక ఇచ్చేందుకేమీ లేదని ఆయన చెబితే, తమకు సాయం అక్కరలేదనీ సంఘంలో చేరడమే కావాలనీ వారు బదులిచ్చారట. వారిలో ఎవరిని చేర్చుకోవాలో విచారించి చెప్పినవారు ఎక్కువగా దొరలు కారు, ఆ వాడల నుంచే వచ్చిన బోధకులు.